పద్దెనిమిది గుంతలు

మోటార్ల కంపెనీవాళ్ళు కవరు పంపినారు.
ఎండాకాలం టార్గెట్ దాటినందుకు
నాకూ నాగరత్నకూ మారిషస్,
అయిదు రాత్రులు, అందులో మూడు దినాలు గోల్ఫు.
కవరుతో పాటు ఒక తెల్ల బంతి,
ఒళ్ళంతా సన్న గుంతలు,
అమ్మవారు పోసి లేచిన మొగం మాదిరి.

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా మా అంగడి.
షట్టరు సగం దించి
సబ్‌మెర్సిబుల్ డబ్బా మీద కాగితాలు పరిచి
ప్లాను వేస్తున్నాం.
బూట్ల కొలతలు అడిగినారు, రాసినాం.
చొక్కాకు కాలరు తప్పనిసరంట.
"చీరకు యాడ కుట్టేది కాలరు?"
నాగరత్న నవ్వు ఆపుకోలేకపోయింది.

వన్నూర్ బాషా కాలిపోయిన మోటారుకు
రాగితీగ చుట్టుతూ, తలెత్తకుండానే అడిగినాడు:
"పద్దెనిమిది గుంతలంటే పద్దెనిమిది బోర్లానా అన్నా?
ఎన్నిట్లో పడినాయి?"
నీళ్ళు కాదురా, పడేది బంతి.
"లోతెంత?"
జానెడు.
తీగ వదిలేసి నా మొగం చూసినాడు,
జానెడు గుంత కోసం సముద్రం దాటేవాణ్ణి
వాడు ఇదే మొదలు చూడడం.

రాత్రి నియమాల పుస్తకం పట్టుకున్నా.
బంతి ఇసుకలో పడితే బయటికి తీయడం కష్టమంట.
ఆ ఇసుక యాన్నుంచో తెచ్చి పోస్తారంట, కావాలనే.
బంతి నీళ్ళలో పడితే శిక్ష.
ఒక దెబ్బ ఎక్కువ రాసుకోవాల.
ఆ వాక్యం రెండుసార్లు చదివినా.
ఈడ నీళ్ళు పడిన రాత్రి
టెంకాయ కొట్టి, రిగ్గు డ్రైవరుకు కొత్త టవలు కప్పి,
ఆ బురదనీళ్ళతోనే మొగాలు కడుక్కుంటాం.
నాగరత్నను లేపి చెబుదామనుకున్నా.
పండుకోనీలే అని దీపం ఆర్పేసినా.

ఆదివారం పొద్దున పెన్నేట్లో ప్రాక్టీసు.
ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపుకు
బాషా ఎల్బో తగిలించి ఇచ్చినాడు, అదే మా కట్టె.
నావి నాలుగు ఏట్లు గాలికే పోయినాయి.
అయిదోది తగిలి బంతి సర్కారు కంపలో దూరింది.
మేకలు కాసే పిల్లోడు చేతులు గీసుకోని తెచ్చిచ్చి
"ఇంకొకటి కొట్టు సామీ" అన్నాడు.
నాగరత్న మొదటి ఏటుకే లేపింది,
ఏటి అవతలి గట్టు దాకా.
చెనక్కాయ కట్టె దులిపిన చెయ్యి కదా.

సోమవారం బొమ్మలింగప్ప వచ్చినాడు.
అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్ళు చూసే మనిషి,
చుట్టుపక్కల పదూర్లకు చూసిపెట్టి
తన చేన్లో మాత్రం నాలుగుసార్లు తప్పినోడు.
అయిదోది రెండు నెల్లు పోసి నిలిచిపోయింది.
చీనీచెట్లను ట్యాంకర్లతో బతికిస్తున్నాడు.
ఆయన కొన్న మూడు మోటార్లూ నా టార్గెట్లో ఉండాయి.
నేను చెప్పలేదు. ఆయనకు తెలుసనుకుంటా.

బల్ల మీది ఫొటో తీసుకోని
వెలుతురుకు పట్టి చూసినాడు.
ఒడ్డు పొడుగూతా టెంకాయచెట్లు,
వాటి కింద దువ్వినట్టు పచ్చగడ్డి.
"ఇన్ని టెంకాయలుంటే
నా మాదిరోనికి ఆడ పనే ఉండదు" అన్నాడు.
కాసేపుండి మెల్లగా అడిగినాడు:
"నీళ్ళు ఎన్ని అడుగులకప్పా?"

కాగితాలన్నీ తిరగేసినా.
గడ్డి ఎత్తు రాసినారు, మిల్లీమీటర్లలో.
జులైలో గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో రాసినారు.
ఏ గుంత దగ్గర సముద్రం బాగా కనిపిస్తుందో
నక్షత్రం గుర్తు కూడా పెట్టినారు.
నీళ్ళ లోతు రాయలేదు.

"కనుక్కోని రా" అన్నాడు,
బాకీలో రెండు వేలు లెక్కపెట్టి బల్ల మీద పెడుతూ.
రసీదు పుస్తకం చేతికందలేదు.
దొరికిన కాగితం వెనక రాసి సంతకం పెట్టినా.
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకోని పోయినాడు.
బస్సు కదిలినాక గుర్తొచ్చింది,
ముందువైపు మా బూట్ల కొలతలుండాయని.